సలుపుకి జర్మన్‌లో ఏమంటారు?

వారానికి నాలుగు సాయంత్రాలు నర్సులకి జర్మన్ చెప్తాను. బీఎస్సీ నర్సింగో జీఎన్ఎమ్మో చేసి, రెండు మూడేళ్ళు వార్డుల్లో పనిచేసినవాళ్ళు. నల్గొండ, ఆదిలాబాద్, ప్రకాశం, శ్రీకాకుళం జిల్లాల పిల్లలు. డ్యూటీ దిగి నేరుగా వచ్చేవాళ్ళు కొందరు, హాస్టల్ గదిలోంచి ఫోన్లో చేరేవాళ్ళు కొందరు. జర్మన్‌లో బీ2 స్థాయి పరీక్ష గట్టెక్కితే జర్మనీలో నర్సుగా గుర్తింపు తెచ్చుకోవడానికి దారి పడుతుంది. అందరి కళ్ళూ ఆ బీ2 మీదే.

ఆ రోజు పాఠం నొప్పి గురించి. నొప్పిగా ఉందా అని అడిగి ఊరుకుంటే చాలదు, ఎలాంటి నొప్పో అడిగి రాసిపెట్టాలి. పుస్తకంలో ఆరు మాటలున్నాయి: ష్టెషెంట్, పొఖెంట్, త్సీయెంట్, బ్రెనెంట్, ద్రుకెంట్, దుమ్ఫ్. ఎదురుగా ఇంగ్లీషు అర్థాలు. అవి చదివాక కూడా ఎవరి మొహంలోనూ వెలుగు లేదు. త్రాబింగ్‌కీ స్టాబింగ్‌కీ తేడా ఏమిటంటే, "రెండూ నొప్పే కదా మేడం" అన్నారు.

పుస్తకం మూసేశాను. "గోరుచుట్టు లేస్తే ఎట్లుంటది?" అని అడిగాను. వెనక బెంచీలోంచి "సలుపుతది మేడం" అని వచ్చింది. చెవిలో? "పోటు." అమ్మమ్మకి పిక్కలు? "గుంజుతయి." "మా వైపు తీపులంటాం మేడం" అని ఒంగోలు అమ్మాయి. పుండు మీద టింక్చర్ పడితే? మంట. గ్యాస్ పట్టేస్తే గుండెల మీద? "ఎవరో ఎక్కి కూచున్నట్టు ఒత్తుద్ది." పొఖెంట్ పక్కన సలుపు, ష్టెషెంట్ పక్కన పోటు, త్సీయెంట్ పక్కన తీపు. పావుగంటలో బోర్డు నిండింది. మర్నాడు అడిగితే ఒక్కరూ తడబడలేదు.

ఆ పిల్లలకి జర్మన్ రాక కాదు ఇబ్బంది. తమకి తెలిసినదాన్ని పక్కన పెట్టేసి, సగం తెలిసిన ఇంగ్లీషు మీదుగా జర్మన్ దగ్గరికి నడవమన్నాం. పన్నెండేళ్ళుగా భాషతోనే బతుకుతున్నాను. డిగ్రీలో విదేశీ భాష చదవాలా, చదివితే ఏం ఉద్యోగాలొస్తాయి అని అడిగే ప్రతి ఒక్కరికీ నేను చెప్పే జవాబు ఆ పావుగంటలోనే ఉంది. కొంచెం విడమరిచి చెప్తాను.

ఏటా ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో నాకు ఫోన్లు మొదలవుతాయి. "మేడం, జర్మన్‌కి స్కోపుందా? జపనీస్‌కి ఎక్కువా, ఫ్రెంచ్‌కి ఎక్కువా?" నేను చదువుకునే రోజుల్లో ఈ ప్రశ్నే లేదు. అప్పట్లో ఉన్నది ఒకటే మాట, భాషలు చదివితే ఏమొస్తుంది అని. మా బాపు వరంగల్ డిపోలో ఆర్టీసీ కండక్టరు. నేను బీఏ జర్మన్‌లో చేరతానన్న రోజు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మాట్లాడనీకి మనకు మాట లేదా బిడ్డా, మూడేండ్లు ఇంకోల్ల మాట నేర్చుకునుడేంది?" అన్నాడు. కోపం లేదు ఆయన గొంతులో. నిజంగానే అర్థం కాక అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు మాట తిరగబడింది. భాష వస్తే వీసా వస్తుంది అంటున్నారు. కారణాలు లేకపోలేదు. జర్మనీ 2024 అక్టోబరులో నైపుణ్యమున్న భారతీయులకిచ్చే వీసాలను ఏడాదికి 20,000 నుంచి 90,000కి పెంచుతున్నట్టు ప్రకటించింది. జపాన్ 2019లో పనివాళ్ళ కోసం కొత్త వీసా తెచ్చింది, 2021 జనవరిలో దాని మీద మన దేశంతో ఒప్పందం చేసుకుంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామే నర్సులకి భాష నేర్పించి పంపుతోంది. ఇవన్నీ మంచివే, నా జీవనాధారంలో సగం వాటివల్లే నడుస్తోంది. కానీ అమీర్‌పేటలో "ముప్పై రోజుల్లో ఏ1" అని బోర్డులు లేచాక, భాష అంటే ఒక మెట్టు, ఒక సర్టిఫికెట్టు, ఒక స్టాంపు అయిపోయింది. భాషలు చదివితే ఏమీ రాదన్న వాళ్ళూ, వీసా వస్తుందంటున్న వాళ్ళూ ఒకే పొరపాటు చేస్తున్నారని నేనంటాను. ఇద్దరూ భాషని మనిషికి బయట ఉండే వస్తువులాగే చూస్తున్నారు. మొదటివాళ్ళకి ఆ వస్తువుకి ధర లేదు, రెండోవాళ్ళకి ధర పెరిగింది, అంతే తేడా.

ఏ1 నుంచి సీ2 దాకా ఉన్న ఆరు మెట్లు కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన కొలబద్దలోవి. ఒక మనిషి ఆ భాషలో ఏమేం చేయగలడో చెప్పడానికి అది మంచి కొలతే. ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాదిన్నర గట్టిగా కూర్చుంటే బీ2 వస్తుంది. మరి మూడేళ్ళ డిగ్రీ ఎందుకు? నన్ను చాలామంది తల్లిదండ్రులు అడిగే సూటి ప్రశ్న ఇది, దీనికి సూటిగానే చెప్పాలి.

నా మొదటి ఉద్యోగం మాదాపూర్‌లో, ఒక జర్మన్ కంపెనీ లెక్కలు చూసే ఆఫీసులో. బిల్లులు, వాటి వెనక ఉత్తరాలు. జీతం నెలకి 27,000. అదే అంతస్తులో ఇంగ్లీషు బిల్లులు చూసేవాళ్ళకి అందులో సగం. ఆ తేడా భాషకి ఇస్తున్నారని మొదట్లో అనుకున్నాను. ఆరు నెలలకి తెలిసింది ఏమిటంటే, జర్మన్ చదవడం వచ్చినవాళ్ళు మా టీములోనే ఇంకో నలుగురున్నారు, అయినా కొన్ని కాగితాలు తిరిగి తిరిగి నా బల్ల మీదికే వస్తున్నాయి. ఎందుకంటే జర్మనీలో బాకీ అడిగే మొదటి ఉత్తరం ఎంతో మెత్తగా ఉంటుంది. మీ దృష్టికి రాలేదేమో, ఈలోగా చెల్లించి ఉంటే దీన్ని పట్టించుకోకండి అంటుంది. రెండోది కాస్త పొడిగా ఉంటుంది. మూడోదాంట్లో మర్యాద అలాగే ఉంటుంది కానీ గడువు తేదీ ఒకటి వచ్చి కూర్చుంటుంది, ఆ తేదీ దాటితే వ్యవహారం వకీలు చేతిలోకి వెళ్తుంది. మాట మాటకీ అర్థం తెలిసినవాడికి మూడు ఉత్తరాలూ ఒకేలా కనిపిస్తాయి. వాక్యం ఎంత బిగిసిందో పట్టుకోవాలంటే, ఆ భాషలో మనుషులు ఒకరికొకరు రాసుకున్న కాగితాలు వందల కొద్దీ చదివి ఉండాలి. నాటకాలు, కవితలు, రెండు వందల ఏళ్ళ కిందటి ఉత్తరాలు, యుద్ధం తర్వాతి కథలు. డిగ్రీలో మా చేత చదివించింది అవే. చదువుతున్నప్పుడు వీటితో ఉద్యోగమెలా వస్తుందని నేనూ అనుకున్నాను.

చిన్న చిన్నవి కూడా ఉన్నాయి. జర్మన్ బిల్లులో 1.250 అని ఉంటే అది పన్నెండు వందల యాభై. మనం పాయింటు పెట్టే చోట వాళ్ళు కామా పెడతారు, మనం కామా పెట్టే చోట చుక్క పెడతారు. ఇరవై ఐదుని వాళ్ళు ఐదూ-ఇరవై అంటారు, ఫోన్లో విని అంకెలు రాసుకునేవాడు తారుమారు చేస్తాడు. వాళ్ళు "సగం మూడు" అంటే అది రెండున్నర. ఇంగ్లీషు మీదుగా వెళ్ళినవాడు మూడున్నరకి వెళ్తాడు, మీటింగు అయిపోయి ఉంటుంది.

తర్వాత మందుల కంపెనీల పని దొరికింది. హైదరాబాదులో తయారయ్యే మాత్రలు ప్రపంచమంతా వెళ్తాయి. యూరప్‌లో మందు అమ్మాలంటే పెట్టెలో పెట్టే కాగితం ఆ దేశం అధికార భాషలోనే ఉండాలి. ఆ కాగితంలో దుష్ఫలితాలు రాసేచోట "సెల్టెన్" అని ఒక మాట వస్తుంది. నిఘంటువులో అర్థం అరుదుగా అని. కానీ మందు కాగితంలో దానికి లెక్క ఉంది: వెయ్యిమందిలో ఒకరి దాకా. "గెలేగెంట్‌లిష్" అంటే అప్పుడప్పుడు అని కాదు, నూటికి ఒకరి దాకా. "సేర్ సెల్టెన్" పదివేలకి ఒకరి దాకా. ఒక మాట జారితే ఒక మందు పదింతలు ప్రమాదకరమో, పదింతలు భద్రమో అయిపోతుంది. ఈ పని చేస్తున్నప్పుడే నాకు స్థిరపడింది, నాకు జీతమిస్తున్నది జర్మన్ తెలిసినందుకు కాదు, మాటని నమ్మకుండా ఇంకోసారి చూసే అలవాటుకి అని. ఆ అలవాటు ముప్పై రోజుల్లో రాదు. నా వరకు అది మూడేళ్ళు ఒక వాక్యం చుట్టూ ఎనిమిదిమంది కూర్చుని పోట్లాడుకున్న తరగతి గదిలో వచ్చింది.

ఇంతవరకు చెప్పింది డిగ్రీ తరఫున. ఇకమీద చెప్పేది డిగ్రీల మీద నాకున్న ఫిర్యాదు.

నేను చదివిన చోట మూడేళ్ళలో ఒక్క పంక్తి కూడా తెలుగులోకి అనువదించమని ఎవరూ అడగలేదు. అనువాదం పేపరుంది, అది జర్మన్ నుంచి ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు నుంచి జర్మన్‌లోకి. ముప్పైమందిలో సగానికి పైగా తెలుగువాళ్ళం. మలయాళీలు, బెంగాలీలు, మణిపురి అమ్మాయి ఒకతె. అందరం మా మా భాషల్ని గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళం. మాకు పాఠం చెప్పినవాళ్ళని తప్పు పట్టను, వాళ్ళనీ అలాగే తయారుచేశారు.

దానివల్ల ఏం పోగొట్టుకుంటున్నామో చెప్తాను. జర్మన్‌లో అందరూ భయపడేది ఉపవాక్యం. "అతను నిన్న ఊరినుంచి వచ్చాడని నాకు తెలుసు" అనాలంటే, ఆ "అని"కి లోబడిన ముక్కలో క్రియ చివరికి పోవాలి. ఇంగ్లీషు తలతో ఆలోచించేవాడికి అది నరకం, క్రియ ముందే నోట్లోంచి వచ్చేస్తుంది. తెలుగు తలతో ఆలోచిస్తే అందులో కొత్త ఏముంది? మన క్రియ పుట్టినప్పటినుంచీ చివరే కూర్చుంది. అతను, నిన్న, ఊరినుంచి, వచ్చాడు. అదే వరస. మా తరగతిలో దీన్ని అందరికన్నా ముందు పట్టుకున్నది పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషులో మాట్లాడటానికి సిగ్గుపడే కుర్రాడు. ఎలా వచ్చిందిరా నీకు అంటే, "తెలుగులో అనుకుని పెట్టేస్తున్న" అన్నాడు. ఆ రహస్యం మా పాఠ్యపుస్తకంలో లేదు.

జర్మన్‌లో దు, జీ అని రెండున్నాయి. ఇంగ్లీషు యూ మీదుగా వెళ్తే దాని గురించి రెండు పేజీల వివరణ చదవాలి. నువ్వు, మీరు అంటే ఒక్క నిమిషం. ఎవరిని ఎప్పుడు "మీరు" నుంచి "నువ్వు"లోకి దించవచ్చో, దించితే ఎంత నొచ్చుకుంటారో మనకి ఒళ్ళంతా తెలుసు. ఇంకా ముఖ్యమైనది, కాదు-లేదు ప్రశ్నలకి జవాబు. "మాత్ర వేసుకోలేదా?" అని అడిగితే మన పెద్దవాళ్ళు "ఆఁ, వేసుకోలేదు" అంటారు. అవును, నువ్వన్నది నిజమే, వేసుకోలేదు అని. జర్మన్ ముసలాయన అదే పరిస్థితిలో "నైన్" అంటాడు, కాదు అని. వేసుకుని ఉంటే "దొఖ్" అంటాడు. ఆ దొఖ్‌కి ఇంగ్లీషులో సరైన జోడీ లేదు. "ఎందుకు వేసుకోలేదు, వేసుకున్నా" అని మనం దీర్ఘం తీస్తామే, అది. మన నర్సు అలవాటు కొద్దీ ఊఁ కొట్టి "యా" అందంటే అవతలి డాక్టరు తలకిందులుగా అర్థం చేసుకోవచ్చు. ఈ ఒక్కదాని మీద నేను రెండు తరగతులు తీసుకుంటాను, రెండూ తెలుగులోనే.

ఇక తిరుగు దారిలో, జర్మన్ నుంచి తెలుగులోకి వచ్చేటప్పుడు కష్టం మనవైపు ఉంది. జర్మన్‌లో "వీర్" ఒక్కటే. తెలుగులో మనం, మేము. ఆసుపత్రి కరపత్రంలో "వీర్" అని ఉంటే, డాక్టర్లు మాత్రమేనా, రోగి కూడా అందులో ఉన్నాడా? "ఈ నొప్పిని మేము తగ్గిస్తాం", "ఈ నొప్పిని మనం తగ్గిద్దాం". ఒకదాంట్లో రోగి మంచం మీద పడుకుని ఉన్నాడు, ఇంకోదాంట్లో లేచి కూర్చున్నాడు. మూలంలో ఆ తేడా లేదు, అనువాదకురాలే నిర్ణయించాలి. ఇలాంటి నిర్ణయాలు వందల కొద్దీ తీసుకోవడమే అనువాదం. దానికి తెలుగు ఎంత లోతుగా రావాలో ఆలోచించండి.

మనమేమో ఇంటర్లో తెలుగుని వదిలేస్తున్నాం. సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతమో ఫ్రెంచో పెట్టుకుంటే మార్కులు బాగా వస్తాయని కాలేజీలే చెప్పి మార్పిస్తాయి. మా పిన్ని కొడుకు అలా రెండేళ్ళు ఫ్రెంచ్ చదివి వందకి తొంభై ఏడు తెచ్చుకున్నాడు. ఇవాళ ఒక ఫ్రెంచ్ వాక్యం చెప్పలేడు, తెలుగులో ఒక పేజీ రాయలేడు. వాడి తప్పు ఏమీ లేదు. రెండు భాషలూ వాడి చేతికి అందేలా ఎవరూ పెట్టలేదు.

అంతర్జాతీయ సభల్లో తక్షణ అనువాదం చేసేవాళ్ళ గురించి మా పిల్లలు కళ్ళింతలు చేసుకుని అడుగుతారు. గాజు గది, చెవిలో ఒక భాష, నోట్లో ఒక భాష, అరగంటకొకసారి ఇద్దరు మార్చుకుంటూ. ఆ వృత్తిలో మొదటి ప్రశ్న నీకెన్ని భాషలొచ్చు అని కాదు, నీ "ఏ" (ఇంగ్లీషు A) భాష ఏది అని. "ఏ" భాష అంటే తల్లిభాష, లేక దానితో సమానంగా పట్టున్నది. చాలావరకు వినేది పరాయి భాష, మాట్లాడేది తమ భాష. ఐక్యరాజ్యసమితిలో పద్ధతి ఇదే. అక్కడి ఆరు అధికార భాషల్లో జర్మన్ లేదు, జపనీస్ లేదు, మన భాషలేవీ లేవు, అది వేరే సంగతి. కానీ మన లోక్‌సభలో సభ్యుడు తెలుగులో మాట్లాడితే వెంటనే అనువదించేవాళ్ళున్నారు, తెలుగులో వినే ఏర్పాటూ ఉంది. రెండు వైపులా బలంగా ఉన్నవాళ్ళకి అదీ ఒక కొలువే.

ఈ పని మనకి కొత్త కాదు. దుబాసి అన్న మాట ద్విభాషి నుంచి వచ్చింది. మద్రాసు సుప్రీంకోర్టులో ఏనుగుల వీరాస్వామి పెద్ద దుబాసీ. 1830లో కాశీకి బయలుదేరి, పదిహేను నెలలు తిరిగి, దారిలో చూసినదంతా తెలుగులో రాసి మిత్రుడికి పంపాడు. ఊళ్ళు, రేవులు, ధరలు, భోజనాలు, ఆచారాలు. రోజంతా కోర్టులో ఒకరి మాటని ఇంకొకరికి తూకం తప్పకుండా చేరవేసిన మనిషి కన్ను ఆ రాతలో కనిపిస్తుంది. ఉద్యోగం ఇంగ్లీషు వల్ల వచ్చింది, మనకి మిగిలింది మాత్రం ఆయన తెలుగు.

హైదరాబాదులోనే, ఉస్మానియా మొదలవడానికి ఏడాది ముందు 1917లో, నిజాం ప్రభుత్వం ఒక అనువాద శాఖని పెట్టింది. దారుల్ తర్జుమా. వైద్యం, చట్టం, గణితం ఉర్దూలో చెప్పాలంటే ముందు పుస్తకాలు కావాలి కదా, అందుకని. కట్టడాల కన్నా ముందు అనువాదకుల్ని నియమించారు. నాకు ఆ వరస చాలా ఇష్టం. ఈ ఊళ్ళోనే 1958లో ఇంగ్లీషు కోసం కేంద్ర సంస్థ వచ్చింది, 1972లో విదేశీ భాషలు కలిసి సీఫెల్ అయింది, 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. విదేశీ భాషల కోసం ఇంత పెద్ద చోటు మన ఊళ్ళో ఉండటం తెలుగు పిల్లల అదృష్టం.

మా ఇంట్లో బాపు ట్రంకుపెట్టెలో విశాలాంధ్ర బండి మీద కొన్న రష్యన్ కథల పుస్తకాలుండేవి, మాస్కోలో అచ్చయినవి. మంచి కాగితం, గట్టి అట్ట, లోపల తెలుగు. చిన్నప్పుడు రష్యావాళ్ళకి తెలుగొచ్చనుకునేదాన్ని. పెద్దయ్యాక తెలిసింది, ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి (రారా) లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి మాస్కోలో ఉండి ఆ పని చేశారని. రారా ఆ అనుభవంతోనే "అనువాద సమస్యలు" రాశారు. ఒక పరాయి దేశం డబ్బు పెట్టి తెలుగు అనువాదకుల్ని పోషించింది. 1991 తర్వాత అది పోయింది, దాని చోట ఇంకేదీ రాలేదు. ఇప్పుడు జర్మన్, స్పానిష్, జపనీస్ పుస్తకాలు తెలుగులోకి వస్తున్నాయంటే ఎక్కువభాగం ఇంగ్లీషు మీదుగానే. నేరుగా చేయగలవాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందిమి.

ఇది సాహిత్యం గురించిన బెంగ మాత్రమే అనుకోకండి. గల్ఫ్ చూడండి. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప పల్లెల్లో ఇఖామా (అక్కడ ఉండటానికి అనుమతి కాగితం), కఫీల్ (పూచీ ఉండే యజమాని) అన్న అరబ్బీ మాటలు ఎప్పుడో ఇంటి మాటలైపోయాయి. యజమానిని వదిలి కాగితాలు లేకుండా తిరిగేవాణ్ణి "కల్లివెల్లి అయిండు" అంటారు. అదీ అరబ్బీయే, వదిలెయ్, పోనీ అని. తరాలుగా మన మనుషులు అక్కడ పనిచేస్తున్నారు. అక్కడి కోర్టుల భాష అరబ్బీ. జీతం ఎగ్గొట్టినా, ఒప్పందంలో ఒకటి రాసి ఇంకొకటి చేయించినా, కాగితం మాట్లాడేది అరబ్బీలో. మా మేనమామ ఎనిమిదేళ్ళు ఉన్నాడు, తను సంతకం పెట్టిన కాగితంలో ఏముందో ఆయనకి ఇవాళ్టికీ తెలియదు. అరబ్బీ చదివి, తెలుగులో ఒక కూలీకి అర్థమయ్యేలా చెప్పగలిగిన మనిషి ఊరికొక్కరుంటే ఎన్ని ఇళ్ళు నిలబడేవి! ఇంటర్ పిల్లలు అరబ్బీకి స్కోపుందా అని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.

యంత్రం సంగతి అడుగుతారని తెలుసు. 2016లో గూగుల్ అనువాదం కొత్త పద్ధతిలోకి మారింది, మరుసటి ఏడాది తెలుగు కూడా చేరింది. 2017లో జర్మనీలోని కొలోన్ నుంచి డీప్‌ఎల్ అనే అనువాద యంత్రం వచ్చింది, మన కేంద్ర ప్రభుత్వం 2022లో మన భాషల కోసం భాషిణి తెచ్చింది. నాకు దెబ్బ తగిలింది, దాచను. ఏళ్ళ తరబడి యంత్రాల మాన్యువల్స్ పంపిన క్లయింటు ఒకరు, ఇక యంత్రం చేసినదాన్ని దిద్దితే చాలన్నారు. రేటు సగానికి సగం తగ్గింది. అలాంటి పని మీదే బతుకుదామని ఇవాళ ఎవరైనా డిగ్రీలో చేరుతుంటే వద్దని చెప్తాను. కానీ దిద్దుతున్నప్పుడు నేను చూసేది ఇదీ: యంత్రం వాక్యం నున్నగా ఉంటుంది, తప్పు చేసినా నున్నగానే చేస్తుంది. వీర్ కనిపిస్తే ఒక పేరాలో మేము, ఇంకో పేరాలో మనం. జీ అని గౌరవంగా పిలిచిన రోగిని మూడో వాక్యంలో నువ్వు అనేస్తుంది. అది తప్పని కనిపెట్టాలంటే రెండు భాషలూ తెలిసిన మనిషి కావాలి, కింద సంతకం పెట్టడానికీ మనిషే కావాలి. పని తగ్గింది, మిగిలిన పని కష్టమైంది. వాక్యాన్ని అనుమానించడం రానివాళ్ళకి ఇందులో చోటు లేదు.

మరి ఏ ఉద్యోగాలు? నా బ్యాచ్‌వాళ్ళ సంగతే చెప్తాను. ఇద్దరు స్కూళ్ళలో టీచర్లు. అది నిలకడైన పని కాదు, 2014లో కేంద్రీయ విద్యాలయాల్లో జర్మన్‌ని మూడో భాష స్థానం నుంచి తీసేసినప్పుడు ఏడాది మధ్యలో గందరగోళం ఎలా ఉంటుందో చూశాం. నలుగురైదుగురు ఇంకా ఆ లెక్కల ఆఫీసుల్లోనే ఉన్నారు, ఇప్పుడు టీములు నడుపుతున్నారు. ఒకతను యాప్‌లని వేరే భాషల్లోకి మార్చే పనిలో ఉన్నాడు. జర్మన్ మాట పొడుగై బటన్ దాటిపోవడం, తెలుగు ఒత్తులు కింద గీత తగిలి తెగిపోవడం రెండూ అతని తలనొప్పులే. ఒకమ్మాయి స్పానిష్‌కి మారి మందుల కంపెనీలో మెక్సికో కాగితాలు చూస్తోంది. ఇంకొకామె సివిల్స్ రాస్తోంది. విదేశాంగ సర్వీసులో చేరిన ప్రతి అధికారికీ ఒక విదేశీ భాష ఇచ్చి నేర్పిస్తారు, ఆమెకి ఆ కోరిక. ఖాళీగా ఎవరూ లేరు. కోట్లు సంపాదించినవాళ్ళూ లేరు.

బీటెక్ తర్వాత జర్మనీ వెళ్ళే పిల్లలకి ఒక మాట. అక్కడి విశ్వవిద్యాలయాల్లో విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు భారతీయులే ఎక్కువ. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలా చోట్ల ఫీజు లేదు, ఎంఎస్ ఇంగ్లీషులో అయిపోతుంది. ఉద్యోగం వెతికే రోజు జర్మన్ అడుగుతారు. రెండేళ్ళు అక్కడుండి ఏ1 దాటకుండా తిరిగొచ్చి, నా తరగతిలో మొదటి బెంచీలో కూర్చున్నవాళ్ళు ముగ్గురున్నారు. వెళ్ళే ముందే నేర్చుకోండి. ఫోన్లో ఇంటికి మాట్లాడేటప్పుడు, అక్కడ చూసింది తెలుగులో వర్ణించి చెప్పండి. రెండూ కలిసే పెరుగుతాయి.

విశ్వవిద్యాలయాలని నేను అడిగేది పెద్దదేమీ కాదు. విదేశీ భాషల డిగ్రీలో అనువాదం పేపరు ఒక్కటి విద్యార్థి తల్లిభాషలోకి ఉండనివ్వండి. తెలుగు శాఖ అదే ఊళ్ళో ఉంది, ఒక ఆటో దూరం. జర్మన్ చదివే పిల్లలూ తెలుగు ఎంఏ పిల్లలూ వారానికి రెండు గంటలు ఒకే గదిలో ఒకే పేజీ మీద కూర్చుంటే చాలు.

పోయినేడు సిరిసిల్ల దగ్గర్నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. "మేడం, జపనీస్ తీసుకోవాలనుంది, స్కోపుందా?" నాకు జపనీస్ రాదు. నీకు ఇష్టమైతే చేరు, అంతకుముందు మీ అమ్మ చేసే పని గురించి తెలుగులో ఒక పేజీ రాసి పంపు అన్నాను. ఎందుకని అడగలేదు. రెండు రోజుల తర్వాత వాట్సాప్‌లో ఫోటో వచ్చింది, రూళ్ళ కాగితం, నీలం ఇంకు. వాళ్ళమ్మ బీడీలు చుడుతుంది. పొద్దున ఆకు కత్తిరించి, తడి గుడ్డలో చుట్టి పెడుతుందట, లేకపోతే మడతలో విరుగుతుందట. తంబాకు ఎంత పోయాలో వేలికి తెలుసునట. చాట ముందు కూర్చున్నప్పుడు ఆమె మాట్లాడదు, వెయ్యి అయ్యాకే మాట్లాడుతుంది అని రాశాడు. ఒక్క మాట కూడా పుస్తకంలోంచి తెచ్చుకున్నది కాదు.

ఇప్పుడు రెండో సెమిస్టరులో ఉన్నాడు. మొన్న రాత్రి ఒక మెసేజ్ పెట్టాడు. జపనీస్ మాటల్ని తెలుగు లిపిలో రాసి, ఒక్కోదాని కింద తెలుగు మాట పెట్టాడు. నురెత, తడిసిన. నునో, గుడ్డ. ని, లో. త్సుత్సున్‌ద, చుట్టిన. హ, ఆకు. తడిసిన గుడ్డలో చుట్టిన ఆకు. ఒక్క మాట కూడా ముందూ వెనకా కాలేదు.

"మేడం, మా అమ్మకు చదివి వినిపించిన" అని కింద రాశాడు.